నివురుగప్పిన నిప్పుపై చిట్కాల కప్పు వద్దు

మందమర్రిలో నా వైద్యశాల గడప తొక్కేవారిలో ఎక్కువమంది చెప్పుకొనే బాధలు రెండు. "దగ్గు పోతలేదు" అన్నది ఒకటి, "కీళ్ళు పట్టుకున్నయి" అన్నది రెండవది. బొగ్గుబాయి ఊరు గనుక ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. ఏళ్ళ తరబడి భూగర్భంలో తట్టాచెమ్మసు పట్టిన దేహాలవి. ఈ రెండు బాధలకూ మన పత్రికలలో చిట్కాలకు కొదువ లేదు. దగ్గుకు అడ్డసరం ఆకు రసం, బుగ్గన కరక్కాయ ముక్క, మిరియాల కషాయం. కీళ్ళకు వావిలాకు కాపడం, శొంఠి కషాయం, ఆముదం. ఇవన్నీ నేనూ వ్రాసినవాడనే, ఈనాటికీ ఇస్తున్నవాడనే. వాటి గుణాన్ని శంకించుట నా ఉద్దేశం కాదు. అయితే ప్రతి చిట్కాకూ ఒక గడువు ఉన్నదనీ, ఆ గడువు దాటిన తరువాత దానినే పట్టుకొని కూర్చుంటే లోపల మరొక అవయవం చెడిపోతూ ఉండవచ్చుననీ నేను చాలా ఆలస్యంగా తెలుసుకొన్నాను. ఆ సంగతి ఈ పత్రిక పాఠకులకు చెప్పుట నా బాధ్యత అని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక విశ్రాంత గని కార్మికుడు నా దగ్గరకు వస్తూ ఉండేవాడు. దగ్గు వచ్చేది, పోయేది, మళ్ళీ వచ్చేది. సాయంకాలం ఒళ్ళు వెచ్చబడేది. మనిషి చిక్కిపోతున్నాడు. "బాయి దుమ్ము సారూ, ఇది నాతోనే పోతది" అని ఆయనే అనేవాడు. నేనూ ఔనన్నాను. వాసావలేహ్యం ఇచ్చాను, తాళీసాది చూర్ణం ఇచ్చాను. ప్రతిసారీ కొంత ఉపశమనం కలిగేది. కొంతకాలానికి ఆయన పాదాలకు నీరు దిగినది. పునర్నవ, అంటే మనవారనే అటికమామిడి, కషాయంగా ఇచ్చాను. పది దినాలలో వాపు తీసినది. ఆయన సంతోషించాడు, నేనూ సంతోషించాను. ఆ సంతోషమే మమ్మల్ని ముంచినది.

మూడు నెలలకు వాపు తొడలదాకా పాకి, తెల్లవారేసరికి ముఖం ఉబ్బి కనిపించసాగినది. అప్పుడు ఆయన భార్య ఒక మాట అన్నది: "సారూ, ఆయన మూత్రం పోస్తే సబ్బునీళ్ళ లెక్క నురుగొస్తున్నది, ఎంతసేపటికీ అణగుత లేదు." ఆ నురుగు సంగతి ఏడాదినుంచీ ఆమె చూస్తూనే ఉన్నదట. నేను అడుగలేదు, ఆమె చెప్పలేదు. వరంగల్లుకు పంపించాను. చక్కెర జబ్బు లేదు, రక్తపోటు లేదు. మూత్రంలో మాంసకృత్తులు ధారాళంగా పోతున్నాయి. కఫంలో క్షయ క్రిములు ఉన్నాయి. మూత్రపిండం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించగా అమైలాయిడ్ అనే పదార్థం పేరుకొని ఉన్నదని తేలినది. ఊపిరితిత్తిలో ఏళ్ళ తరబడి ఆరని జబ్బు మూత్రపిండాలను తినివేసినది. క్షయకు మందులు పడినవి, కఫం శుద్ధి అయినది. కాని మూత్రపిండాలు తిరిగి కోలుకోలేదు. డయాలిసిస్‌పై రెండేళ్ళు బ్రతికాడు.

ఊపిరితిత్తి జబ్బు మూత్రపిండానికి ఎట్లా చేరినది? క్రిమి పోయి అక్కడ కూర్చున్నదా? కాదు. ఇక్కడే సీరం అమైలాయిడ్ ఎ అనే మాంసకృత్తు కథ మొదలవుతుంది. పేరు కొత్తగా ఉన్నదని పాఠకులు బెదరనక్కరలేదు. విషయం మన కాలేయానికి సంబంధించినదే.

శరీరంలో ఎక్కడ గాయమైనా, సూక్ష్మజీవి చొరబడినా అక్కడి రక్షణ కణాలు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టి.ఎన్.ఎఫ్. అనే సందేశ ద్రవ్యాలను విడుదల చేస్తాయి. ఆ వార్త రక్తం ద్వారా కాలేయానికి అందుతుంది. కాలేయం తన నిత్యకృత్యాలను కొంత తగ్గించుకొని, ఆపత్కాలానికి పనికివచ్చే కొన్ని మాంసకృత్తులను పెద్దఎత్తున తయారుచేయసాగుతుంది. రక్తపరీక్ష చీటీలలో మనం తరచుగా చూచే సి.ఆర్.పి. వాటిలో ఒకటి. సీరం అమైలాయిడ్ ఎ మరొకటి. ఆరోగ్యవంతుని రక్తంలో ఇది లీటరుకు కొద్ది మిల్లీగ్రాములకు మించదు. తీవ్రమైన జబ్బు చేసినపుడు ఒకటి రెండు దినాలలోనే వేయి రెట్లు దాకా పెరుగగలదు. జబ్బు శాంతించినదా, అంతే వేగంగా దిగిపోతుంది.

ఇంత ఆర్భాటంగా శరీరం దేనినీ వ్యర్థంగా తయారుచేయదు. ఈ మాంసకృత్తు మంచి కొలెస్టరాలు రేణువులపై ఎక్కి రక్తంలో సంచరిస్తుంది. తెల్లకణాలను జబ్బు చోటికి పిలుస్తుంది. కొన్ని సూక్ష్మజీవుల పైపొరకు అంటుకొని, వాటిని భక్షక కణాలు సులువుగా మింగేటట్లు చేస్తుంది. సూక్ష్మజీవులు సోకిన సమయంలో విటమిన్ ఎ ను మోసుకొనిపోవుట కూడా దీని పనులలో ఒకటి అని 2014లో ఎలుకలపై జరిగిన పరిశోధన చూపినది. కనుక నాలుగు దినాల జ్వరంలో ఇది పెరుగుట మన మేలుకే. జ్వరం కనిపించగానే దానిని నొక్కివేయరాదనీ, లంఘనంతో దోషాన్ని పక్వం కానివ్వవలెననీ మన పెద్దలు చెప్పినదానికి ఇది విరుద్ధం కాదు.

చిక్కంతా నాలుగు దినాలు నాలుగేళ్ళు అయినపుడే వస్తుంది. లోపలి నిప్పు ఆరదు. కాలేయం ఆపదు. 104 అమైనో ఆమ్లాల గొలుసు అయిన ఈ మాంసకృత్తును కణాలు ముక్కలు చేసి పారవేయవలసి ఉన్నది. అంత సరుకు తెగక, సగం తెగిన ముక్కలు మిగిలిపోతాయి. అవి మడతలు పడి, ఒకదానినొకటి అంటుకొని, సన్నని నారలుగా పేనుకొంటాయి. ఆ నారలు కరగవు. శరీరానికి వాటిని త్రుంచే శక్తి అంతగా లేదు. ప్లీహంలో, కాలేయంలో, ప్రేగులలో, అన్నిటికంటె ముఖ్యంగా మూత్రపిండాలలో అవి పేరుకొంటాయి.

ఈ నారలకు అమైలాయిడ్ అనే పేరు పెట్టినది జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో. 1854లో ఆయన ఈ పదార్థంపై అయోడిన్ వేస్తే పిండిపదార్థం వలె రంగు మారినది. పిండి వంటిది అనే అర్థంలో ఆ పేరు పెట్టాడు. అయిదేళ్ళు తిరుగకముందే ఇది పిండి కాదు, మాంసకృత్తు జాతిది అని తేలినది. పేరు మాత్రం మారలేదు. అంత గొప్ప పండితుడు కూడా పైరంగు చూచి మోసపోయాడు కదా అని నా మనస్సుకు కొంత ఊరట. 1922 నుంచి దీనిని గుర్తించుటకు కాంగో రెడ్ అనే రంగును వాడుతున్నారు. అది నిజానికి నూలుబట్టలకు వేసే అద్దకపు రంగు. ఆ రంగు పట్టిన అమైలాయిడ్‌ను ప్రత్యేకమైన కాంతిలో సూక్ష్మదర్శినితో చూస్తే పచ్చి ఆపిల్ పండు రంగులో మెరుస్తుంది. పొట్టచర్మం క్రింది కొవ్వును సూదితో కొద్దిగా తీసి పరీక్షించినా కొందరిలో జబ్బు బయటపడుతుంది.

అమైలాయిడ్ జబ్బులన్నీ ఒకటే కావని కూడా ఇక్కడే చెప్పవలెను. ఎముక మజ్జలోని కణాల దోషం వలన వచ్చేది వేరు, వార్ధక్యంలో మతిమరపు జబ్బుతో మెదడులో చేరేది వేరు. నేను చెప్పుచున్నది దీర్ఘకాలం ఆరని శోథ వలన కలిగేది మాత్రమే.

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల సూక్ష్మమైన జల్లెడలు ఉంటాయి. రక్తంలోని మాంసకృత్తులను లోపలే నిలిపి మలినాలను మాత్రం వదలుట వాటి పని. జల్లెడలో ఈ నారలు చిక్కుకొంటే రంధ్రాలు చెదరిపోతాయి. ఆల్బుమిన్ అనే విలువైన మాంసకృత్తు మూత్రంలో కారిపోతుంది. ఆ కారిపోయేదే నురుగుగా కనిపిస్తుంది. రక్తంలో ఆల్బుమిన్ తగ్గిన కొద్దీ నీరు నాళాలు దాటి పాదాలకు, కనురెప్పలకు చేరుతుంది. నొప్పి ఉండదు. మంట ఉండదు. రక్తపోటు కూడా చాలమందిలో పెరుగదు. నా రోగి విషయంలో నేను మోసపోయినది ఇక్కడే. అటికమామిడి నీటిని లాగినది, నిజమే. జల్లెడ చిరిగిన సంగతిని అది నాకు చెప్పలేదు. పైగా అటికమామిడిలో పొటాషియం లవణాలు కలవు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి అవే ప్రమాదకరం.

శోథ దీర్ఘకాలం ఉన్న ప్రతివారికీ ఈ జబ్బు వస్తుందని ఎవరూ భయపడవద్దు. కొద్దిమందికే వస్తుంది, అదీ ఏళ్ళు గడచిన మీదట. పాశ్చాత్య దేశాలలో దీనికి ముఖ్య కారణం ఆమవాతాన్ని పోలిన దీర్ఘకాల కీళ్ళ జబ్బులు. మన దేశంలో ప్రథమస్థానం క్షయది. చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య విద్యాసంస్థలో ఆచార్య కె.ఎస్. చుగ్ బృందం మూత్రపిండాల అమైలాయిడ్ రోగులను పరిశీలించి 1981లో ప్రచురించిన వ్యాసంలో క్షయనే ప్రధాన కారణంగా చూపినది. ఏళ్ళ తరబడి చీము కారే ఎముక పుండ్లు, మానని కుష్ఠు వ్రణాలు, గళ్ళగళ్ళుగా కఫం పడే పాత ఊపిరితిత్తి జబ్బులు కూడా ఈ కోవలోనివే.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించిన నాటినుంచి ఈ గోదావరి లోయలో తరతరాల వారు ఆ దుమ్మును పీల్చుతున్నారు. బొగ్గుదుమ్ముతో పాటు రాతిదుమ్ము, అంటే సిలికా, ఊపిరితిత్తిలో చేరితే క్షయ సోకే అవకాశం పెరుగుతుందని నిశ్చయంగా తెలిసిన విషయం. కీళ్ళకూ ఈ దుమ్ముకూ సంబంధం ఉన్నది. 1953లో వేల్స్ దేశపు బొగ్గుగని కార్మికులను పరీక్షించిన ఆంథొనీ కాప్లన్ అనే వైద్యుడు, కీళ్ళవాతం గల కార్మికుల ఊపిరితిత్తులలో ప్రత్యేకమైన గుండ్రని గడ్డలు ఉండుట గమనించాడు. ఆ జబ్బుకు ఆయన పేరే నిలిచినది. కాబట్టి మందమర్రిలో గాని, రామకృష్ణాపూర్‌లో గాని, బెల్లంపల్లిలో గాని బాయి పనిచేసి దిగిన మనిషి "దగ్గు, కీళ్ళు" అని రెండు మాటలు ఒకేసారి అంటే, అవి రెండు వేర్వేరు చిట్కాలు అడిగే రెండు వేర్వేరు బాధలు అని తలచరాదు.

చరకుడు నిదానస్థానంలో శోషకు నాలుగు కారణాలు చెప్పాడు: సాహసం, సంధారణం, క్షయం, విషమాశనం. ఆయన సింగరేణి బాయి చూచినవాడు కాదు. అయినా ఈ నాలుగింటిని చదివినపుడు నాకు బాయి మనిషే కళ్ళ ముందు నిలుస్తాడు. శక్తికి మించిన శ్రమ సాహసం. మలమూత్ర వేగాలను బిగబట్టుకొనుట సంధారణం. భూగర్భంలో గంటల తరబడి ఉండేవారికి దీనిని వివరించనక్కరలేదు. ధాతువులు తరిగిపోవుట క్షయం. మొదటి షిఫ్టు ఒక వారం, రెండవ షిఫ్టు ఒక వారం, రాత్రి షిఫ్టు ఒక వారంగా తిండి వేళలు తారుమారగుట విషమాశనం. ఇంతటి నిదానం మన చేతిలో ఉండి కూడా, దగ్గు వినగానే అవలేహ్యం డబ్బా వైపు చేయి చాచుట మన శాస్త్రపు దోషం కాదు. చేయి చాచినవాని దోషం.

ఇట్టి విషయాలు చదివినపుడు మన వైద్యులలో కొందరికి ఒక ఉత్సాహం కలుగుతుంది. "ఇంకేమున్నది, ఈ అమైలాయిడే మన ఆమం! మాధవకరుడు ఎప్పుడో చెప్పినదే వీరు ఇప్పుడు కనిపెట్టినారు" అని. నేనూ ఒకప్పుడు ఒక సభలో అట్లే అని చప్పట్లు కొట్టించుకొన్నాను. ఇప్పుడు ఆ మాట వెనక్కు తీసుకొంటున్నాను. ఆమం జఠరాగ్ని మాంద్యం నుంచి పుట్టే ఒక సిద్ధాంతం. చికిత్సకు దారి చూపే భావన. సీరం అమైలాయిడ్ ఎ లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని కొలిచే పదార్థం. పైగా అది దోషం కాదు, రక్షణకు పుట్టినది. రెండింటినీ ఒకటిగా కలిపితే ఆమపాచనం చేస్తే చాలును, అమైలాయిడ్ కరగిపోతుంది అనే భ్రమ పుడుతుంది. ఆ భ్రమకు మూల్యం రోగి మూత్రపిండం చెల్లిస్తుంది.

పోలిక కావాలంటే మన బాయిలోనే ఉన్నది. బొగ్గు తనంత తానే వేడెక్కి రాజుకొనుట గని పనివారికి తెలియనిది కాదు. పొగ, మంట కనిపించేదాకా ఎవరూ వేచి ఉండరు. గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత పెరిగినదో కొలుస్తారు. పెరిగినదని తెలియగానే వేడి ఎక్కడిదో వెదకి, అవసరమైతే ఆ భాగానికి గోడ కట్టి గాలి అందకుండ చేస్తారు. గాలి దుర్వాసన పోవుటకు అగరువత్తి వెలిగించి ఊరకుండరు. ఈ మాంసకృత్తు కూడ అట్టి సూచికయే. దీనిని నేరుగా కొలిచే పరీక్ష పెద్ద ప్రయోగశాలలలోనే దొరుకుతుంది. కాని దానికి తోడుగా పెరిగే సి.ఆర్.పి., ఇంకా ఈ.ఎస్.ఆర్. పరీక్షలు మంచిర్యాలలో చేయించుకోవచ్చును. ఖర్చు పెద్దది కాదు.

నొప్పి తగ్గితే జబ్బు తగ్గినట్లే కదా అని పాఠకులు అడుగవచ్చును. కానేకాదు, ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలచినది అదే. లండన్‌లోని జాతీయ అమైలాయిడ్ కేంద్రం ఈ జబ్బు గల 374 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2007లో ఫలితాలు ప్రకటించినది. రక్తంలో ఈ మాంసకృత్తు లీటరుకు 4 మిల్లీగ్రాములకు లోపు ఉన్నవారితో పోలిస్తే, 155కు పైన ఉన్నవారికి మరణభయం సుమారు 18 రెట్లు. అంతకంటె ఆలోచించవలసినది మరొకటి: 4 నుంచి 9 మధ్య ఉన్నవారికి కూడ మరణభయం నాలుగు రెట్లు. అంత కొద్దిపాటి పెరుగుదల రోగికి ఏ బాధా తెలియనీయదు. జ్వరం ఉండదు, కీలు కూడ వాచదు. రోగి హాయిగా ఉన్నానని అంటాడు. మన చిట్కా పనిచేసినదని మనం అంటాము. ఆ హాయి చాటునే నారలు పేరుకొంటాయి. ఆశ కలిగించే సంగతి కూడ అందులోనే ఉన్నది. మూలవ్యాధిని అదుపు చేసి ఈ మాంసకృత్తును 10 మిల్లీగ్రాముల లోపున నిలిపినవారిలో 60 శాతం మందికి పేరుకొన్న అమైలాయిడ్ క్రమంగా తరిగినది. అంటే శరీరం ఆ నారలను నెమ్మదిగా తీసివేయగలదు. మనం కొత్త సరుకు చేరకుండ చూడవలెను.

కొత్త సరుకు ఆగుటకు మార్గం మూలవ్యాధిని తుదముట్టించుటే. క్షయ అయితే కనీసం ఆరు నెలల పూర్తి మందులు. ఇవి ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితంగా లభిస్తాయి. ఆ మందులు కొందరికి కాలేయాన్ని బాధిస్తాయి, నిజమే. అందుకే వైద్యుని పర్యవేక్షణ. ఆ భయంతో రెండు నెలలకే మాని కషాయాలకు మళ్ళుట ఆత్మహత్యాసదృశం. కీళ్ళవాతం అయితే కీళ్ళ నిపుణుడు ఇచ్చే మందులు. ఇంటర్‌ల్యూకిన్-6ను నేరుగా అడ్డుకొనే సూదిమందులు కూడ ఇప్పుడు వచ్చినవి, కాని వాటి ఖరీదు సామాన్యులకు భారమే.

ఇక మన మందుల సంగతి. పసుపులోని కుర్కుమిన్ ప్రయోగశాలలో శోథ సందేశాలను అణచుట నిజం. అయితే తిన్న పసుపులో రక్తానికి చేరేది స్వల్పం. పసుపు తిని మూత్రపిండాల అమైలాయిడ్ ఆగినట్లు నిరూపణ లేదు. కూరలో పసుపు మానవద్దు, పసుపును నమ్ముకొని కఫపరీక్ష మానవద్దు. తిప్పతీగ విషయంలో మరింత జాగ్రత్త కావలెను. కరోనా కాలంలో ఇంటింటా దానిని మోతాదు లేకుండ త్రాగారు. అట్లు త్రాగిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు ప్రకటించినపుడు మనవారికి కోపం వచ్చినది. మొక్కను గుర్తించుటలో పొరపాటు జరిగి ఉండవచ్చునని వాదన వచ్చినది. కావచ్చును. అయితే నెలల తరబడి ఎవరికివారే త్రాగవలసిన మందు అది కాదన్నది మాత్రం మన శాస్త్రం ప్రకారమే నిజం. ఊరూరా తిరిగి అమ్మే కీళ్ళనొప్పుల పొట్లాలను అసలే ముట్టవద్దు. రెండు రోజులలో అద్భుతంగా నొప్పి మాయమైతే అందులో స్టెరాయిడ్ కలిసి ఉన్నదేమో అని అనుమానించవలెను. లోపల క్షయ ఉన్నవానికి స్టెరాయిడ్ పడితే నివురు క్రింది నిప్పుకు గాలి విసరినట్లే.

ఈ జబ్బుకు సంబంధించి ఒక మూలిక చరిత్రలో నిలిచినది. మధ్యధరా సముద్ర ప్రాంతపు ప్రజలలో వంశపారంపర్యంగా వచ్చే ఒక జ్వరం ఉన్నది. అది పదేపదే వచ్చి చివరకు ఇదే అమైలాయిడ్‌తో మూత్రపిండాలను హరించేది. సురంజాన్ దుంప నుంచి తీసిన కోల్చిసిన్ అనే మందును 1972 నుంచి దానికి వాడుతున్నారు. నిత్యం ఆ మందు వాడినవారిలో అమైలాయిడ్ చాలవరకు నివారింపబడినదని 1986లో తేలినది. ఇది విని మూలికల అభిమానులు పొంగిపోకముందే ఒక హెచ్చరిక. ఇదే కోల్చిసిన్ మన అడవుల అంచున వానకాలంలో పసుపు, ఎరుపు కలిసిన అగ్నిజ్వాలల వంటి పూలు పూచే అడవినాభిలో ఉన్నది. శాస్త్రంలో దానిని లాంగలి అంటారు, ఉపవిషాలలో చేర్చారు. దాని దుంప తిన్నవారు మరణించుట వైద్యులందరికీ తెలిసినదే. ఆ జ్వరానికి కొలిచిన మోతాదులో పనిచేసిన మందు క్షయకు పనిచేయదు. దయచేసి ఎవరూ దానిని తవ్వి తేవద్దు.

చిట్కాలు వ్రాసే నా చేతికి నిజమైన పని ఎక్కడ ఉన్నదంటే, వంటింట్లో ఉన్నది. మన వంటి బొగ్గుగనుల ప్రాంతమే గల జార్ఖండ్‌లో జరిగిన ఒక పరిశోధన 2023లో వెలువడినది. క్షయరోగి ఇంటిలోని మిగిలిన వారికి నెలకు తలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, కొన్ని విటమిన్లు ఇచ్చారు. అంతే. ఆ ఇళ్ళలో కొత్తగా క్షయ సోకుట 39 శాతం తగ్గినది. పప్పన్నం చేసిన ఈ పని ఏ రసాయనమూ చేసినట్లు నేను వినలేదు. క్షయరోగికి పౌష్టికాహారం నిమిత్తం ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు ఇస్తున్నది. అడిగి తీసుకోవలెను, సిగ్గుపడవలసినది లేదు. మూత్రంలో మాంసకృత్తులు పోతున్నవారు మాత్రం ఆహారాన్ని వైద్యుని అడిగి నిర్ణయించుకోవలెను. ఉప్పు, ఊరగాయ తగ్గించవలెను.

మరి చిట్కా గడువు ఎంత? మూడు వారాలు దాటిన జ్వరాన్ని జీర్ణజ్వరం అని వేరుగా ఎంచుట మనకు ఉన్నదే. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్షించవలెనని జాతీయ క్షయ కార్యక్రమం చెప్పుచున్నది. ఈ రెండు లెక్కలకూ పెద్ద తేడా లేదు. అంతవరకు అడ్డసరం, వావిలాకు నిరభ్యంతరంగా వాడండి. ఆ పైన కఫం, రక్తం, మూత్రం చూపించండి. పనిలో ఉన్న కార్మికులకు నిర్ణీత వ్యవధిలో వైద్యపరీక్ష, ఛాతీ ఎక్స్-రే చేయించవలెనని చట్టం ఉన్నది. దిగిపోయినవారిని, వారి ఇంటి ఆడవారిని, కాంట్రాక్టు పనికి వచ్చి పోయేవారిని పిలిచి పరీక్షించేవారు తక్కువ. వారే మన గడపలకు వస్తారు. కనుక ఆ పరీక్ష మన గడపలలో జరుగవలెనని నా అభిప్రాయం. మూత్రపరీక్ష ఆయుర్వేద వైద్యునికి నామోషీ అని ఎవరైనా అంటే, తైలబిందు పరీక్ష చేసినవారు మన పూర్వులే అని చెబుతాను.

ఉదయం మొదటి మూత్రాన్ని గాజునాళికలో మూడింట రెండు వంతులు పోసి, పైభాగాన్ని దీపంపై కాచవలెను. తెల్లగా విరిగితే పలుచని అసిటిక్ ఆమ్లం రెండు మూడు చుక్కలు వేయవలెను. తెలుపు కరిగిపోతే అవి లవణాలు. నిలిచితే మాంసకృత్తు పోతున్నట్లే. ఇంత శ్రమ కూడ అక్కరలేదనుకొంటే ముంచి చూచే పరీక్ష పట్టీలు మందుల దుకాణాలలో దొరుకుతాయి.

నా బల్లపై ఇప్పుడు ఆ పట్టీల సీసా ఉన్నది. ఆనాటి రోగి భార్య అప్పుడప్పుడు మోకాళ్ళకు వావిలాకు అడిగి తీసుకొనిపోవుటకు వస్తూ ఉంటుంది. పోయిన నెలలో వచ్చినపుడు వాడలోని మరొక ముసలాయనను వెంటబెట్టుకొని వచ్చినది. నేను నాడి పట్టుకొనేలోపే ఆమె ఆయనతో అన్నది: "మామా, ముందుగల్ల మూత్రం పట్టి ఇయ్యి. మందు సంగతి సారు తర్వాత చెప్తడు."